గాజుతొట్టిలో సముద్రం

అక్వేరియం అనే మాట మీకు కొత్త కాదు. గాజు పలకల తొట్టి, అందులో నీళ్ళు, అడుగున ఇసుక, నాలుగు నీటి మొక్కలు, వాటి మధ్య తిరిగే రంగు చేపలు. ఏ డాక్టరుగారి గదిలోనో, హోటల్లోనో, చుట్టాల ఇంట్లోనో మీరు దాన్ని చూసే ఉంటారు. చూసినప్పుడు ఒక్క క్షణమైనా దాని ముందు నిలబడిపోయి ఉంటారు.

ఈ వస్తువు వయసెంతో ఎప్పుడైనా ఆలోచించారా? చేపలను కుండల్లోనూ కొలనుల్లోనూ పెంచడం చాలా పాత అలవాటు. చైనాలో బంగారు చేపలను కొన్ని శతాబ్దాల కిందటే పెంచారు. కాని సముద్రపు జీవులను గాజు గోడల మధ్య ప్రాణాలతో నిలబెట్టి, పక్కనుంచి చూడటం పందొమ్మిదో శతాబ్దంలోనే సాధ్యమైంది. అక్వేరియం అనే పేరు ఈ అర్థంలో జనం నోట పడింది 1854 నుంచే.

ఆ పేరు వెనక ఒక పెద్ద కథ ఉంది. అందులో రసాయన శాస్త్రం ఉంది, జంతుశాస్త్రం ఉంది, నవలలూ పిల్లల కథలూ ఉన్నాయి. చివరికి ఒక నష్టం కూడా ఉంది. ఇంగ్లండులో ఒక తరం మనుషులు సముద్రపు ఒడ్డును చూసి ఎలా ముగ్ధులయ్యారో, ఆ మురిపెమే ఆ ఒడ్డుకు ఎలా ముప్పు తెచ్చిందో ఇప్పుడు తెలుసుకుందాం.

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు

సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయని మీరు చదువుకున్నారు. పోటు సమయంలో నీరు ఒడ్డు మీదికి ఎక్కుతుంది. ఆటు సమయంలో వెనక్కి తగ్గుతుంది. తీరం ఇసుకదైతే, నీరు తగ్గాక తడి ఇసుక తప్ప కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. తీరం రాళ్ళదైతే సంగతి వేరు. రాళ్ళ మధ్య గుంటల్లో నీరు నిలిచిపోతుంది. నీటితోపాటు అందులోని ప్రాణులూ నిలిచిపోతాయి. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆ గుంటే వాటి లోకం.

ఇంగ్లండుకు నైరుతి మూలన డెవన్ అనే ప్రాంతం ఉంది. దాని ఉత్తర తీరంలో ఇల్‌ఫ్రాకూమ్, దక్షిణ తీరంలో టార్కీ అనే ఊళ్ళున్నాయి. రెండు చోట్లా రాళ్ళ తీరమే. ఇల్‌ఫ్రాకూమ్ ఉన్న బ్రిస్టల్ ఛానెల్‌లో ఆటుపోట్ల తేడా ప్రపంచంలోనే చాలా ఎక్కువ. పెద్ద పోటు రోజుల్లో ఇల్‌ఫ్రాకూమ్ దగ్గర నీటిమట్టం ఎనిమిది మీటర్లకు పైగా లేచి పడుతుంది. అంటే రెండంతస్తుల మేడ మునిగేంత! మన ఆంధ్ర తీరంలో ఈ తేడా సాధారణంగా రెండు మీటర్లలోపే. అంత నీరు వెనక్కి పోయినప్పుడు ఎన్ని రాళ్ళు, ఎన్ని గుంటలు బయటపడతాయో ఊహించుకోండి.

ఒక గుంటలోకి తొంగి చూద్దాం. పచ్చని, ఎర్రని సముద్రపు నాచులు. రాతికి అతుక్కున్న నత్తలు. ఖాళీ శంఖంలో కాపురం పెట్టిన సన్యాసి పీత. గాజులా ఆరపార కనిపించే రొయ్య పిల్లలు. ఐదు చేతుల నక్షత్ర చేప. వీటన్నిటి మధ్య పువ్వులా విచ్చుకున్న జీవి ఒకటి ఉంటుంది. అదే సీ అనిమోన్.

అనిమోన్ అన్నది నిజానికి ఒక పువ్వు పేరు. పువ్వులా ఉందని ఈ జంతువుకు ఆ పేరు పెట్టారు. దీని రేకుల్లాంటివి రేకులు కావు, స్పర్శకాలు. మీ పాఠంలో హైడ్రా బొమ్మ గీశారు గదా! సీ అనిమోన్ హైడ్రాకు దగ్గర బంధువు. జెల్లీ చేప, పగడపు జీవి కూడా ఈ కుటుంబానివే. స్పర్శకాల మీద దంశ కణాలుంటాయి. చిన్న రొయ్య తగిలితే చాలు, ఆ కణాల్లోంచి విషపు దారాలు దూసుకువచ్చి దాన్ని చచ్చుబడేలా చేస్తాయి. తర్వాత స్పర్శకాలు దాన్ని మధ్యలో ఉన్న నోటిలోకి నెడతాయి. తినగా మిగిలింది మళ్ళీ ఆ నోటిగుండానే బయటికి వస్తుంది. నీరు తగ్గి గాలి తగిలిందా, స్పర్శకాలన్నీ లోపలికి ముడుచుకుని, ఎర్రటి జిగురు ముద్దలా రాతికి అంటుకుని ఉండిపోతుంది. అప్పుడు చూస్తే అది జంతువని ఎవరూ అనుకోరు.

బామ్మ అనే అనిమోన్

ఈ జిగురు ముద్ద ఎన్నాళ్ళు బతుకుతుంది? వారమా? ఏడాదా?

స్కాట్లండులో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి పరిశీలకుడు ఉండేవాడు. 1828లో ఆయన నార్త్ బెరిక్ అనే ఊరి ఒడ్డున ఒక ఎర్ర అనిమోన్‌ను తీసుకుని ఎడిన్‌బరోలోని తన ఇంట్లో గాజు పాత్రలో పెట్టాడు. ఎప్పటికప్పుడు కొత్త సముద్రపు నీరు తెప్పించి మార్చేవాడు. 1851లో డాలియెల్ చనిపోయాడు. అనిమోన్ మాత్రం చనిపోలేదు. ఒకరి తర్వాత ఒకరుగా ఇతర పరిశీలకులు దాన్ని సాకారు. అది వందల కొద్దీ పిల్లలను కన్నది. జనం దానికి "గ్రానీ" అని, అంటే "బామ్మ" అని, ముద్దుపేరు పెట్టారు. దూరాభారం నుంచి వచ్చి చూసిపోయేవారు. 1887లో అది చనిపోయినప్పుడు పత్రికలో ఆ వార్త వచ్చింది. మనిషి చేతిలో అది బతికిన కాలమే దాదాపు 59 ఏళ్ళు!

ఈ లెక్కను గుర్తుంచుకోండి. ఇంతకాలం బతకగల జీవిని ఒక్క ఉలి దెబ్బతో రాతినుంచి పెళ్ళగించవచ్చు. ఈ సంగతి మనకు తర్వాత అవసరమవుతుంది.

నీరు ఎందుకు పాడవుతుంది?

డాలియెల్‌లా రోజూ సముద్రపు నీరు తెప్పించుకోవడం అందరికీ వీలయ్యే పని కాదు. మార్చకపోతేనేమో రెండు రోజుల్లో నీరు చెడుతుంది, జీవులు చస్తాయి. అందుకే అంతకు ముందు శాస్త్రజ్ఞులకు సముద్రపు జీవులు చాలావరకు చచ్చినవిగానే తెలుసు. ఎండబెట్టినవి, సారాయిలో ఊరవేసినవి, పుస్తకాల్లో గీసినవి. అవి ఎలా నడుస్తాయో, ఎలా తింటాయో, ఎలా పోట్లాడుకుంటాయో చూసినవారు తక్కువ.

ఈ చిక్కు ముడిని చాలామంది తలా ఒక కొస పట్టుకుని విప్పారు.

1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టితో సహా గాజు సీసాలో పెట్టి మూత బిగించాడు. చిమ్మట ఎలా బయటికి వస్తుందో చూడాలని ఆయన కోరిక. కొన్నాళ్ళకు ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్క, కొంత గడ్డి మొలిచాయి. వార్డ్ ఆశ్చర్యపోయాడు. లండన్ బొగ్గుపొగకు ఆయన తోటలో ఫెర్న్ మొక్కలు ఒక్కటీ బతకలేదు మరి! సీసాలో మాత్రం ఎవరూ నీళ్ళు పోయకుండానే అవి దాదాపు నాలుగేళ్ళు బతికాయి. పగటి వేడికి మట్టిలోని తేమ ఆవిరై గాజుకు తగిలి, చల్లబడి మళ్ళీ మట్టిలోకే జారుతోంది. ఈ గాజుపెట్టెలకు వార్డ్ పెట్టెలని పేరొచ్చింది. 1848 తర్వాత చైనా నుంచి మనదేశంలోని హిమాలయ ప్రాంతాలకు తేయాకు మొక్కలను తెచ్చింది ఈ పెట్టెల్లోనే.

ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ 1832లోనే సముద్రపు జీవులను చూడటానికి గాజు తొట్టెలు చేయించింది. ఆర్గోనాట్ అనే జీవి ఆక్టోపస్ జాతిది. అది తన పెంకును ఎక్కడో దొంగిలిస్తుందా, తానే తయారు చేసుకుంటుందా అన్నది ఆనాటి పెద్ద వివాదం. తానే చేసుకుంటుందని ఆమె ప్రత్యక్షంగా చూసి నిరూపించింది.

1846లో అనా థిన్ అనే మహిళ టార్కీ ఒడ్డున దొరికిన పగడపు జీవులను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. నీరు మార్చడానికి సముద్రం దగ్గర్లో లేదు. అందుకని ఉన్న నీటినే కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి మళ్ళీ మళ్ళీ ధారగా పోయించేది. ధారలో గాలి కలిసి నీటిలోకి ఆక్సిజన్ చేరుతుంది. పెద్ద హోటళ్ళ అక్వేరియంలలో బుడగలు వదిలే పంపు నేడు చేసే పని అదే. కొన్నాళ్ళకు ఆమె నాచు మొక్కలనూ తోడుగా పెట్టింది.

దీని వెనక సూత్రాన్ని చక్కగా చూపినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన ఒక తొట్టిలో మంచినీళ్ళు పోసి రెండు బంగారు చేపలను, కొన్ని నీటి మొక్కలను పెట్టాడు. చేపలు శ్వాసక్రియలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మొక్కలు వెలుతురులో దాన్ని తీసుకుని ఆక్సిజన్ వదులుతాయి. లెక్క సరిపోయిందనుకునేలోగా మొక్కల ఆకులు కొన్ని కుళ్ళి నీరు మురికిపట్టింది. అప్పుడాయన కొన్ని చెరువు నత్తలను వేశాడు. నత్తలు కుళ్ళిన ఆకులను తినేశాయి, నీరు తేటపడింది. నత్తలు పెట్టిన గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. 1850లో ఆయన ఈ ఫలితాన్ని ప్రకటించాడు. చేప, మొక్క, నత్త: ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తొట్టి నిలవదు. జీవావరణ సమతుల్యత అని నేడు మీరు చదువుకునే పాఠమే ఇది.

1845లో ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తివేశారు. గాజు చవకైంది. రైళ్ళు సముద్రతీరపు ఊళ్ళకు చేరుతున్నాయి. సామాను సిద్ధమైంది. ఇక కావలసింది ఆ వింతను జనానికి చెప్పగల మనిషి.

ఫిలిప్ హెన్రీ గాస్

గాస్ 1810లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న చిత్తరువులు గీసి పొట్టపోసుకునే చిత్రకారుడు. ఇంట్లో డబ్బు లేదు. గాస్ 17వ ఏట సముద్రం దాటి న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక వర్తకుని కొట్లో గుమాస్తాగా చేరాడు. అక్కడే ఒక పాత పుస్తకం కొని సూక్ష్మదర్శిని గురించి తెలుసుకున్నాడు. పురుగులను పట్టి, చూసి, బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. తర్వాత కెనడాలో సేద్యం చేశాడు, అమెరికాలో బడిపంతులుగా పనిచేశాడు, జమైకాలో పక్షులను పరిశీలించాడు. ఏ కళాశాలలోనూ జంతుశాస్త్రం చదవని మనిషి, చూసి చూసి శాస్త్రజ్ఞుడయ్యాడు. 1856లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

1852లో ఆరోగ్యం చెడి, గాలి మార్పు కోసం భార్యతోనూ చిన్న కొడుకుతోనూ డెవన్ తీరానికి వెళ్ళాడు. రాతి గుంటలు ఆయనను కట్టిపడేశాయి. అక్కడ తాను చూసినవన్నీ 1853లో ఒక పుస్తకంగా రాశాడు. అదే సంవత్సరం లండన్ జంతు ప్రదర్శనశాలలో మొట్టమొదటి ప్రజా అక్వేరియం తెరిచారు. దానికి కావలసిన సముద్రపు జీవులను తెచ్చి ఇచ్చినవారిలో గాస్ ముఖ్యుడు. మరుసటి ఏడు, 1854లో, "ది అక్వేరియం" అనే పుస్తకం వేశాడు. ఆ పేరు జనానికి పట్టుబడింది ఈ పుస్తకంతోనే. తొట్టి ఎలా కట్టాలి, అందులో ఏ నాచు నాటాలి, సముద్రం దూరమైతే మామూలు ఉప్పు, ఎప్సమ్ లవణం వంటివి నీటిలో కలిపి సముద్రపు నీటిని ఎలా తయారు చేసుకోవాలి అన్నీ అందులో వివరించాడు.

రంగుల బొమ్మలు తానే గీశాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర చూసిన చిత్రకళ ఇక్కడ అక్కరకొచ్చింది. అంతవరకూ జనం సముద్రాన్ని పైనుంచి చూశారు. గాస్ బొమ్మల్లో మొదటిసారి దాన్ని లోపలి నుంచి, నీటితో సమంగా, ఎదురుగా చూశారు. ఇది చిన్న తేడా కాదు. పైనుంచి చూస్తే అనిమోన్ ఒక రంగు మచ్చ. పక్కనుంచి చూస్తే వేటాడే జంతువు.

గాస్ గొప్పతనమంతా ఓపికలో ఉంది. ఒక ఉదాహరణ చూడండి. ఒక రకం సన్యాసి పీత వీపు మీది శంఖాన్ని చుట్టుకుని ఒక అనిమోన్ ఎప్పుడూ ఉంటుంది. అనిమోన్ దంశ కణాలు పీతకు రక్షణ. పీత తిండిలో రాలిన ముక్కలు అనిమోన్‌కు ఆహారం. పీత పెరిగి శంఖం ఇరుకైతే పెద్ద శంఖంలోకి మారాలి గదా! మరి అనిమోన్ సంగతి? గాస్ తన తొట్టి ముందు కూర్చుని కనిపెట్టాడు. పీత కొత్త శంఖంలోకి మారాక, పాత శంఖం మీది అనిమోన్‌ను గోళ్ళతో మెల్లగా విడదీసి తన కొత్త ఇంటిమీదికి తెచ్చుకుంది! దీన్ని మనం సహజీవనం అంటాం. సారాయిలో ఊరవేసిన పీత ఈ ముచ్చటను వెయ్యేళ్ళయినా చూపలేదు.

గాస్ దైవభక్తి గలవాడు. ప్రాణులన్నిటినీ దేవుడు ఒక్కసారిగా సృష్టించాడని ఆయన నమ్మకం. 1857లో ఆ నమ్మకాన్నీ భూగర్భశాస్త్రాన్నీ కలపాలని ఒక పుస్తకం రాస్తే, అటు శాస్త్రజ్ఞులూ ఒప్పుకోలేదు, ఇటు భక్తులూ ఒప్పుకోలేదు. 1859లో డార్విన్ పరిణామ సిద్ధాంతం వచ్చినా గాస్ దాన్ని అంగీకరించలేదు. అయినా ఆయన కళ్ళతో చూసి రాసిన విషయాలు నిలిచాయి. సిద్ధాంతంలో పొరపడ్డ మనిషి కూడా పరిశీలనలో నిజాయితీగా ఉండవచ్చునని దీన్ని బట్టి తెలుస్తుంది.

రాతి గుంట నుంచి కథలోకి

ఆ రోజుల్లో శాస్త్రం వేరు, సాహిత్యం వేరు అన్న గోడ ఇంత ఎత్తుగా లేదు. గాస్ పుస్తకాలను పద్యాలు చదివేవారూ నవలలు రాసేవారూ కూడా చదివారు.

చార్లెస్ కింగ్స్‌లీ చర్చిలో బోధకుడు, నవలాకారుడు. 1854లో టార్కీ తీరంలో ఉండగా సముద్రపు జీవులను ఏరి గాస్‌కు పంపేవాడు. 1855లో సముద్రతీరపు వింతల మీద "గ్లాకస్" అనే చిన్న పుస్తకం రాశాడు. గ్రీకు పురాణంలో సముద్ర దేవతగా మారిన జాలరి పేరు అది. 1863లో ఆయన పిల్లల నవల "ది వాటర్ బేబీస్" వచ్చింది. అందులో టామ్ అనే అబ్బాయి పొగగొట్టాలలోకి దూరి మసి దులిపే పనివాడు. యజమాని కొడతాడు. ఒకనాడు ఏటిలో పడి, మొప్పలతో నీటిలో బతికే బిడ్డగా మారిపోతాడు. తూనీగ పిల్ల చర్మం విడిచి రెక్కలతో లేవడం చూస్తాడు. రొయ్య జాతి లాబ్‌స్టర్‌తో స్నేహం చేస్తాడు. నీటి బిడ్డలు ఉంటారా అని మీరు నవ్వవచ్చు. లార్వా తూనీగ అవుతుంది, తోకకప్ప కప్ప అవుతుంది. కళ్ళెదుట జరిగే ఈ వింతల ముందు నా కథ ఏపాటిది అన్నట్టు రాస్తాడు కింగ్స్‌లీ.

ఆ కథలో ఒక చోటు మనం ఆగి చూడదగ్గది. టామ్ అల్లరివాడు. అనిమోన్‌లకు తిండి వచ్చిందని భ్రమ కలిగేలా వాటి నోళ్ళలో గులకరాళ్ళు వేస్తాడు. తర్వాత ఒక దేవత పిల్లలందరికీ మిఠాయిలు పెడుతూ వస్తుంది. టామ్ ఆశగా నోరు తెరిస్తే, ఆ నోట్లో చల్లని గులకరాయి పడుతుంది! మసి దులిపే పిల్లవాణ్ణి పెద్దలు బాధించడమూ, ఆ పిల్లవాడే నోరులేని జీవిని బాధించడమూ ఒకటేనని ఆ పుస్తకం చెబుతోంది. పొగగొట్టాలలోకి పిల్లలను పంపడాన్ని ఆపడానికి 1864లో ఒక చట్టం వచ్చింది. అది సరిగా అమలు కాలేదు. 1875లో మరో గట్టి చట్టం చేశాకనే ఆ పని ఆగింది.

1856 వేసవిలో మేరియన్ ఇవాన్స్ అనే రచయిత్రి తన సహచరుడు జార్జ్ హెన్రీ లూయిస్‌తో ఇల్‌ఫ్రాకూమ్ వచ్చింది. లూయిస్ సముద్రపు జీవుల మీద వ్యాసాలు రాస్తున్నాడు. ఇద్దరూ సీసాలు పట్టుకుని రాళ్ళ మీద తిరిగారు. మొదట్లో వాళ్ళకు ఏమీ కనిపించలేదు. కన్ను అలవాటుపడ్డాక ఒక్కొక్కటే బయటపడసాగాయి. ప్రతి జీవి పేరూ తెలుసుకోవాలనే కోరిక తనకు ఇంతగా ఎప్పుడూ కలగలేదని ఆమె తన నోట్సులో రాసుకుంది. పేరు తెలిస్తే వస్తువు మసకగా కాక స్పష్టంగా కనిపిస్తుందని ఆమె భావం. ఆ సెప్టెంబరులోనే ఆమె తన మొదటి కథ మొదలుపెట్టింది. జార్జ్ ఎలియట్ అనే కలం పేరుతో ఇంగ్లీషు సాహిత్యంలో గొప్ప నవలాకారుల వరుసలో నిలిచింది ఆమే. పల్లెటూరి మనుషులను ఆమె చూసిన తీరులో ఈ ఓపిక కనిపిస్తుంది. మామూలువాళ్ళని దాటిపోకుండా, ఒక్కొక్కరి దగ్గరా ఆగి, తేడా కనిపెట్టి రాసింది.

మార్గరెట్ గాటీ పిల్లల కథల రచయిత్రి, పిల్లల పత్రిక సంపాదకురాలు. 1848లో జబ్బు పడి సముద్రపు ఊళ్ళో ఉన్నప్పుడు కాలక్షేపానికి నాచులు ఏరడం మొదలుపెట్టింది. 1863 నాటికి బ్రిటిష్ సముద్రపు నాచుల మీద పెద్ద గ్రంథమే వేసింది. నాచులు ఏరబోయే ఆడవాళ్ళు నేల జీరాడే పావడాలు మాని, మగవాళ్ళ బూట్లు తొడుక్కోవాలని అందులో సలహా ఇచ్చింది. ఆ కాలంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

ఖాళీ అయిన గుంటలు

ఇంతవరకు కథ బాగానే ఉంది. ఇక రెండో వైపు చూద్దాం.

గాస్, కింగ్స్‌లీ పుస్తకాలు వేలమంది చదివారు. ప్రతి ఇంటి వసారాలోనూ ఒక అక్వేరియం ఉండాలనే మోజు పుట్టింది. లండన్‌లో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే ఆయన సముద్రపు జీవులను అమ్మడానికే ప్రత్యేకంగా అంగడి పెట్టాడు. తీరాల నుంచి పీతలు, నత్తలు, అనిమోన్‌లు అక్కడికి చేరేవి. సెలవుల్లో రైళ్ళెక్కి కుటుంబాలకు కుటుంబాలు డెవన్‌కు వచ్చాయి. చేతిలో సుత్తి, ఉలి, జాడీ. రాతిని పగలగొట్టి అనిమోన్‌ను పెళ్ళగించి జాడీలో వేసుకోవడం, ఊరికి తీసుకుపోవడం.

వారింగ్టన్ సూత్రం తెలిసినవాళ్ళు ఎందరు? తొట్టిలో ఎక్కువ జీవులను కుక్కేవారు. ఒకటి చస్తే నీరు కుళ్ళేది. నీరు కుళ్ళితే అన్నీ చచ్చేవి. తొట్టి ఒంపేసి, మళ్ళీ సెలవుల్లో ఇంకో జాడీ. 1860 తర్వాత ఆ మోజు క్రమంగా తగ్గిపోయింది. మోజు తగ్గింది గాని, పోయిన అనిమోన్‌లు తిరిగిరాలేదు. ఇలాంటి మోజే ఫెర్న్ మొక్కల మీదా ఉండేది. వార్డ్ పెట్టెల్లో పెంచడానికి అడవుల్లోంచి వాటిని వేళ్ళతో సహా పీకి తెచ్చారు. ఆ పిచ్చికి టెరిడోమేనియా అని పేరు పెట్టినవాడు కింగ్స్‌లీయే.

ఈ నష్టానికి ఒక సాక్షి ఉన్నాడు. గాస్ కొడుకు ఎడ్మండ్. తల్లి 1857లో చనిపోయాక తండ్రితో డెవన్‌లోనే పెరిగాడు. తండ్రి వెంట మోకాలి లోతు నీటిలో తిరుగుతూ గుంటలన్నీ చూశాడు. పెద్దయ్యాక సాహిత్య విమర్శకుడయ్యాడు. 1907లో "ఫాదర్ అండ్ సన్" అనే పుస్తకంలో ఆ రోజులను తలుచుకున్నాడు. తాను చిన్నప్పుడు చూసిన ఆ గుంటల అందం ఇంగ్లండు తీరంలో ఇక ఎవరికీ కనిపించదని బాధపడ్డాడు. ఒడ్డు చుట్టూ ఉన్న ఆ జీవుల వలయం చాలా పలుచనిది, పెళుసైనది. ఎవరూ పట్టించుకోలేదు గనకనే అది అన్ని శతాబ్దాలు నిలిచింది. పట్టించుకున్నారు, పోయింది. తండ్రి స్వయంగా ఎంతో జాగ్రత్తగా, భక్తితో జీవులను ముట్టుకునేవాడు. అయినా ఆయన పుస్తకాలే జనాన్ని అక్కడికి రప్పించాయి. కొన్నేళ్ళకు ఆ సంగతి తండ్రికీ అర్థమై ఎంతో మనసు కష్టపెట్టుకున్నాడని కొడుకు రాశాడు.

ఇప్పుడు బామ్మ అనిమోన్ లెక్క గుర్తు తెచ్చుకోండి. చక్కగా చూసుకుంటే అర్ధశతాబ్దం దాటి బతికే జీవి అది. పెళ్ళగించడానికి ఒక నిమిషం చాలు. ఆ ఖాళీ నిండటానికి ఎంతకాలం పడుతుందో ఆ సుత్తులు పట్టినవారిలో ఎవరూ లెక్కవేయలేదు.

మరి గాస్ ఆ పుస్తకాలు రాయకుండా ఉండాల్సిందా? తొందరపడి తీర్పు చెప్పకండి. ఆ పుస్తకాలు లేకపోతే సముద్రపు జీవుల బతుకు గురించి అంతమందికి తెలిసేది కాదు. తెలియని దాన్ని కాపాడాలని ఎవరికీ తోచదు. వింత చూసి ఆశ్చర్యపడటం తప్పు కాదు. శాస్త్రమూ సాహిత్యమూ రెండూ అక్కడే మొదలవుతాయి. ఆశ్చర్యం కలగగానే చెయ్యి చాచడంలోనే చిక్కంతా ఉంది. అనా థిన్, ఎలియట్, గాస్ నేర్చుకున్నది చాలాసేపు చూడటం. వారి పాఠకుల్లో చాలామంది నేర్చుకున్నది తీసుకుపోవడం.

మన తీరంలో

మన రాష్ట్రంలో విశాఖపట్నం వద్ద రాళ్ళ తీరం ఉంది. ఆటు సమయంలో అక్కడి గుంటల్లో కూడా పీతలు, నత్తలు, అనిమోన్‌లు కనిపిస్తాయి. ఎప్పుడైనా వెళితే పెద్దవాళ్ళతో, ఆటు వేళ తెలుసుకుని వెళ్ళండి. నాచు పట్టిన రాయి జారుతుంది. అలల వైపు వీపు పెట్టి నిలబడకండి. ఒక గుంట ముందు పావుగంట కదలకుండా కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ కనిపించదు. తర్వాత కనిపిస్తుంది. రాయి ఎత్తి చూస్తే మళ్ళీ అలాగే పెట్టండి. దాని కింద ఎవరిదో ఇల్లుంటుంది. చూసినవాటి బొమ్మలు నోటు పుస్తకంలో గీసుకోండి. ప్రాణులను మాత్రం అక్కడే ఉండనివ్వండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మనదేశంలో పగడాలను సేకరించడం నేరం కూడా.

చేసి చూడండి

సముద్రం దగ్గర లేనివారు వారింగ్టన్ ప్రయోగాన్ని ఇంట్లోనే చేయవచ్చు. రెండు గాజు జాడీలు తీసుకోండి. రెండింటిలోనూ చెరువు నీరు పోసి, హైడ్రిల్లా మొక్కలు సమానంగా వేయండి. ఒక జాడీని వెలుతురు బాగా వచ్చే కిటికీలో పెట్టి, అందులో రెండు చిన్న నీటి నత్తలను వేయండి. రెండో జాడీకి నల్లగుడ్డ చుట్టి చీకట్లో ఉంచండి. దానిలో నత్తలు వేయవద్దు. ఎండ తగిలినప్పుడు మొదటి జాడీలో మొక్క నుంచి లేచే బుడగలను గమనించండి. పది రోజులపాటు రెండు జాడీలలో నీటి రంగు, మొక్కల తీరు, నత్తల తిరుగుడు తేదీలవారీగా రాయండి. అయిపోయాక నత్తలను తెచ్చిన చెరువులోనే వదలండి. చెరువు నీరు ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆలోచించి చెప్పండి

1. వారింగ్టన్ తొట్టిలో నత్తలు వేయకముందు నీరు ఎందుకు మురికిపట్టింది?
2. అనా థిన్ నీటిని ధారగా పోయించడం వల్ల ఏ మార్పు వచ్చింది?
3. సన్యాసి పీతకు, అనిమోన్‌కు ఒకదానివల్ల ఒకదానికి కలిగే లాభాలేమిటి?
4. రెండో జాడీలోనూ నత్తలు వేసి చీకట్లో ఉంచితే ఏమయ్యేది? అలా వేయవద్దని ఎందుకు చెప్పాం?
5. అందమైన చోటును గురించి నలుగురికీ చెప్పాలి, ఆ చోటు చెడకూడదు. మీరే గాస్ అయితే పుస్తకంలో ఏయే జాగ్రత్తలు రాసేవారు?